వాడకంలో లేనిది

అనంతపురం రవాణా ఆఫీసు గోడకానుకొని
రేకుల పంచన నా బల్ల.
ఇరవై ఆరేండ్లుగా ఊరోళ్ల బండ్ల గురించి
నిజాలూ అబద్ధాలూ ఒకే చేతిరాతతో రాస్తున్నా.
నాకుండేది సైకిలు. దానికి పన్ను లేదు.

ఆ మంగళవారం రెండు అర్జీలు.
రెండూ అరవై దాటిన బండ్లవే.

మొదటిది లారీ మీదెక్కి వచ్చింది.
ముఖమల్ గుడ్డ కప్పుకొని
పల్లకీ దిగని పెండ్లికూతురు మాదిరి
కూచున్న కారు.
ఓనరు గజ్జెల ఓబుళపతి, తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ.
గుడ్డ ఒక మూల ఎత్తి చూపించినాడు.
మీగడ రంగు, వెండి మూతి,
టైర్ల గాట్లలో ఇసుక రేణువు కూడా లేదు.
"రోడ్డెక్కని బండికి రోడ్డు పన్నేందప్పా?
ఏడాదికొకనాడు జెండా పండక్కి తీస్తా.
ఇది బండి కాదు, చరిత్ర."
మాటలో న్యాయముంది. రాసుకున్నా.

రెండోది తనంతట తానే వచ్చింది.
వచ్చిందని ముందు ముక్కుకు తెలిసింది,
తర్వాత చెవులకు.
మిలిటరీవాళ్లు వేలంలో వదిలేసిన జీపు.
వెనక నాలుగు పొట్టేళ్లు, నీళ్ల డ్రమ్ము,
సంతకు పోయే ఇద్దరు ముసలోళ్లు.
స్టీరింగు వదిలి దిగింది దూదేకుల దస్తగిరమ్మ.
"పాత బండ్లకు మాఫీ అంట కదన్నా.
నాదీ పాతదే. రాయి."

టీ బంకు కాడ తగువు మొదలైంది.
ఉగ్గాని పొట్లం విప్పుతా
రిటైరైన బ్రేకు ఇన్‌స్పెక్టరు తీర్పు చెప్పినాడు:
"పన్నంటే రోడ్డు అరుగుదలకు కూలి.
అరగదీయనోడు ఎందుకు కట్టల్ల?"
కండక్టరు మౌలాలి ఒప్పుకోలేదు:
"అట్లయితే కూచున్నదానికి మాఫీ,
తిరిగి బతికేదానికి జరిమానానా?
పొగకు పన్ను సరే సార్, పొట్టకు పన్నేంది?"
"ఆ పొగ పీల్చేది నీ పిల్లోళ్లే కదరా" అన్నాడు పెద్దాయన.
ఎవరిదీ తప్పు కాదు. అదే చిక్కు.

నేను ఫారం తీసినా.
అసలు ఇంజను ఉందా?
కారుకు ఉంది. బొంబాయి నుంచి పెట్టెలో తెప్పించినాడు.
జీపుకు?
"మొదటిది చిత్రావతి పారిన ఏడు నీళ్లు తాగి సచ్చింది.
రెండోది ట్రాక్టరుది.
ఇప్పుడుండేది యాడదో మెకానిక్ బాబయ్యకే తెల్సు."
"అయితే చారిత్రకం కాదమ్మా."
"మా ఇంటాయనకు మోకాలి చిప్ప మార్చినారు,
పండ్లు కట్టించినాము, కంట్లో అద్దమేసినారు.
మా ఇంటాయన కాకుండా పోయినాడా?"

పొట్టేలు ఒకటి తుమ్మింది.
నా కాడ జవాబు లేదు.

తర్వాతి గడి:
రోజువారీ వాడకంలో లేదని హామీ.
"లేదని రాస్తా, గమ్మునుండు" అని గొంతు తగ్గించినా.
ఆమె జీపు పక్క చూసింది.
ఇంజను ఆపలేదు, ఆపితే మళ్ల తోయల్ల.
బానెట్టు గజగజా వణకతా ఉంది.
"దాని ఎదురుగానే అట్ల ఎట్ల రాస్తావన్నా?
బతికుండేదాన్ని పట్టుకోని సచ్చిందని రాసినట్ల.
వద్దులే. ఎంతయితాది చెప్పు."

కొంగుముడి విప్పి, లెక్కబెట్టి కట్టింది.
రసీదు తెచ్చి అద్దం పైన రేకు సందులో దోపింది.
ఆ సందులో అప్పటికే దిండంత కాగితాలు.
మామ కట్టినవి, మొగుడు కట్టినవి, తాను కట్టినవి,
చెదలు తినగా మిగిలిన సంవత్సరాలు.
చరిత్రకు రుజువు తెమ్మని
రెండు వారాలుగా తిప్పుతున్నారు ఓబుళపతిని.
ఆయన ఆ కట్ట పక్క చూసిన చూపు
సంతలో పొట్టేలును బేరమాడే చూపు.

జీపు పోయింది. దాని మసి
నా తెల్ల ఫారాల మీద కూచుంది.
దులిపి, మిగిలిన అర్జీ పూర్తి చేసినా:
అసలుది. అరుదైనది. వాడకంలో లేనిది.
ఆయన ఐదొందలిచ్చినాడు.
ఆమె ఇరవై ఇచ్చిపోయింది, రాయని అర్జీకి.
రెండూ ఒకే జేబులో పెట్టుకున్నా.

అంతసేపూ తాళ్లు బిగిస్తా ఉన్న లారీ డ్రైవరు
చేతులు తుడుచుకుంటా వచ్చినాడు.
"అన్నా, ఈ చరిత్రను మోసినందుకు
నాకేమన్నా మాఫీ ఉందా?"